ఆరో అర

కాస్తెల్ ఫెరానో,
6 మే 1984

ట్యూరిన్ మహానగరాన్ని ట్రాముల్లో మోసి మోసి అలసిపోయిన మా తమ్ముడు ఒరెస్తేకి,

నీ ఉత్తరం అందింది. క్రిస్మస్‌కి ఒక కార్డు, ఈస్టర్‌కి ఒక కార్డు తప్ప కలం ముట్టని మనిషివి రెండు పేజీలు రాశావంటే ఏదో కొంప మునిగిందనుకుని గుమ్మంలో నిలబడే చదివాను. చదివాక కూర్చున్నాను. మోకాళ్ళ నొప్పులు తప్ప నీ ఒంట్లో బాగానే ఉందట. నీకు కావలసిందల్లా మన కుటుంబ సమాధిలో, శవపేటికలు పెట్టే గోడ అరల్లో, ఖాళీగా ఉన్న ఆరోది. అదీ సంగతి.

ఒరే, ఆ అర నాది. ఉన్నవే ఆరు అరలు. ఎడమ గోడలో తాత పాన్ఫిలో, నానమ్మ, క్లేలియా మేనత్త. కుడి గోడలో నాన్న, అమ్మ, ఆ పైది ఖాళీ. నేను నీకంటే మూడేళ్ళు పెద్దదాన్ని. ఈ ఊరు దాటి పోలేదు. పెళ్ళి చేసుకుని ఇంకొకరి సమాధిలో చోటు సంపాదించుకోలేదు. నువ్వు మీసం పూర్తిగా రాకుండానే రైలెక్కావు. బతకడానికి పనికొచ్చిన ట్యూరిన్ చావడానికి పనికిరాదా?

అది అలా ఉంచు. మన మేయర్ బెరార్దో ఊరికి మ్యూజియం తెచ్చాడు. నవ్వకు, నిజమే. మనింటి ఎదురుగా ఉన్న పాత కబేళాకి సున్నం కొట్టించి, రోమన్ల కాలం నాటి గోరీరాళ్ళు ఊళ్ళో ఎక్కడెక్కడ ఉన్నాయో అన్నీ ఏరి తెచ్చి అందులో నిలబెట్టించాడు. చర్చి మెట్టుగా ఉన్నదొకటి. మన సమాధి పలకలు చెక్కే చెసీదియో ఇంట్లో పందికి తొట్టిగా ఉన్నదొకటి. ఆ పంది ఇప్పుడు బెంగతో సరిగా తినడం లేదట. మాంసం తగిలించే కొక్కేలు మాత్రం పైకప్పుకి అలాగే వేలాడుతున్నాయి, పీకితే కప్పు కూలుతుందట. ఊళ్ళో కుళాయి రోజు విడిచి రోజు వస్తుంది, మ్యూజియం మాత్రం రోజూ తెరవాలట. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె.

తాళంచెవి నాకిచ్చారు. జీతం లేదు, గౌరవం మాత్రమేనని మేయర్ స్వయంగా వచ్చి చెప్పాడు. నలభై ఏళ్ళు గొర్రెల అరుపులు విన్నదాన్ని, నోరు లేని రాళ్ళని చూసుకోలేనా అని ఒప్పుకున్నాను.

మోకాళ్ళకి ఆముదం రాయి. నా అర మీద కన్ను వేయకు.

అక్క ఎర్సీలియా

*

ట్యూరిన్,
17 మే 1984

గౌరవనీయురాలైన అక్కకి,

నీ ఉత్తరం చదివాక కొన్నాళ్ళు ఓపిక పట్టాను. కోపంలో కలం పట్టరాదని మా ట్రాము డిపోలో పై అధికారి చెబుతూ ఉండేవాడు. ఆయన చెప్పింది ఆయనెప్పుడూ పాటించలేదు. నేను పాటిస్తున్నాను.

విషయాన్ని సావధానంగా చూద్దాం. మన సమాధి నుదుటి మీద ఉన్న పేరు తంబూర్రి. ఆ పేరు నాతో ఆఖరు. ఆఖరి తంబూర్రి బయటెక్కడో పడుకుని, సమాధి లోపల పడుకున్నవాళ్ళు పేరు నిలబెట్టేవాడి కోసం ఎదురుచూస్తుంటే చూసేవాళ్ళకి ఎలా ఉంటుంది? నువ్వూ తంబూర్రివే అంటావు. కాదనను. కానీ మగపిల్లవాడు ఒక్కడే ఉన్న ఇంట్లో ఆ ఒక్కడికీ చోటు లేదంటే అది ఇల్లెలా అవుతుంది?

ట్యూరిన్ పనికిరాదా అని ఎత్తిపొడిచావు. మా పియేరా పోయాక ఆమెని వాళ్ళ అమ్మానాన్నల పక్కన పెట్టారు. నాకూ ఓ మూల చూడమని బావమరిదిని అడిగితే, "అది మా కుటుంబానికి మాత్రమే బావా" అన్నాడు. నలభై ఏళ్ళు ప్రతి ఆదివారం ఆ ఇంట్లో భోంచేశాను. నలభై ఏళ్ళూ నన్ను "ఆ దక్షిణాది కుర్రాడు" అనే పిలిచారు, జుట్టు నెరిశాక కూడా. అయినా అత్తగారి పక్కన కల్పాంతం దాకా పడుకోవాలని నాకూ అంత ముచ్చటేమీ లేదు.

నా దగ్గర పరిష్కారం ఉంది. క్లేలియా మేనత్త పోయి ముప్ఫై ఏళ్ళు దాటింది. అర తెరిపించి, ఎముకలు ఏరి, చిన్న పెట్టెలో సర్ది నానమ్మ కాళ్ళ దగ్గర పెట్టవచ్చు. అన్ని కుటుంబాలూ చేస్తున్నదే కదా. అప్పుడు నీకో అర, నాకో అర. మేనత్త బతికున్నప్పుడే పిడికెడు మనిషి. ఆవిడకి పెద్ద తేడా తెలియదు.

ఇక మీ మ్యూజియం గురించి. మా వీధి బార్‌లో చెబితే అందరూ కాఫీలు పక్కన పెట్టి మరీ నవ్వారు. చచ్చినవాళ్ళ రాళ్ళు చూడటానికి మన ఊళ్ళో ఎవరైనా కబేళాకి వస్తారా? శ్మశానం ఉంది కదా, తెలిసినవాళ్ళే ఉంటారు.

విధేయుడు,
ఒరెస్తే తంబూర్రి

*

కాస్తెల్ ఫెరానో,
2 జూన్ 1984

ఎముకలు ఏరే పెద్దమనిషికి,

క్లేలియా మేనత్తని పెట్టెలో సర్దుతావా? నీకు జ్వరం వస్తే తడిగుడ్డ మార్చి మార్చి తెల్లవార్లూ కూర్చున్న మనిషి. సరే, ఆవిడకి నోరెక్కువ, నీ పెళ్ళికి వచ్చి పియేరా వాళ్ళ అన్నం ఉడకలేదని అందరి ముందూ అంది, అది వేరే సంగతి. పైగా నానమ్మ కాళ్ళ దగ్గరా! ఆ తల్లీకూతుళ్ళు రాగి గంగాళం గొడవలో చివరి దాకా మాట్లాడుకోలేదు. మధ్యలో గోడ ఉండబట్టి సమాధి ప్రశాంతంగా ఉంది. ఇద్దర్నీ ఒకే అరలో పెడితే మిగతావాళ్ళు లేచి బయటికొస్తారు.

మ్యూజియం ప్రారంభం అయింది. రోమ్ నించి ఉపమంత్రి వచ్చాడు. వచ్చేసరికి రిబ్బన్ పట్టుకున్న పిల్లలు అలసిపోయి నేల మీద కూర్చున్నారు. రోమన్ల రాళ్ళ ముందు నిలబడి "మన ఎత్రుస్కన్ పూర్వీకులకు జోహార్లు" అన్నాడు. ఎత్రుస్కన్లు రోమన్లు కారు, వేరే జాతి. మేయర్ చప్పట్లు కొట్టాడు, అందరం కొట్టాం. మన బ్యాండు సంగతి నీకు తెలుసుగా, నువ్వు క్లారినెట్ వాయించిన రోజుల్నించీ దానికి వచ్చినవి రెండే, పెళ్ళి పాట, చావు పాట. గోరీరాళ్ళు కదా అని చావు పాట అందుకున్నారు. ఉపమంత్రి అదేదో మన ఊరి గౌరవగీతం అనుకుని గుండె మీద చెయ్యి పెట్టుకుని కదలకుండా నిలబడ్డాడు.

అసలు మాట ఇప్పుడు చెబుతాను, కూర్చో. పురావస్తు శాఖ నించి డాక్టర్ లొరెదానా అనే అమ్మాయి వచ్చి రాళ్ళన్నీ చదివిపెట్టింది. పంది తొట్టి రాయి ఉందే, అది వెట్టియా హిలారా అనే ఆవిడ గోరీరాయి. ముక్కు విరిగింది గానీ చూపు మహా గట్టిది. ఆ కాలంలో కలిగినవాళ్ళు బతికుండగానే గోరీ కట్టించుకుని పేర్లు చెక్కించుకునేవాళ్ళట. ఈవిడా అలాగే చేసింది. దాని మీద ఏముందో తెలుసా? "నాకు, నా భర్తకు, మా పరివారానికి, వాళ్ళ పిల్లలకు. నా తమ్ముడు ఫౌస్టస్‌కు మాత్రం కాదు. అతన్ని గానీ, అతని ఎముకలను గానీ ఇందులోకి రానివ్వరాదు."

నేను మళ్ళీ చదవమన్నాను. మళ్ళీ చదివింది. "ఇలాంటివి ఇంకా ఉన్నాయా అమ్మా?" అంటే, "చాలా చోట్ల ఉన్నాయమ్మా, కుటుంబాలన్నాక మామూలే" అంది. రెండు వేల ఏళ్ళ కిందటే ఈ ఊళ్ళో తెలివైన అక్క ఒకతి ఉండేదని నాకెంత ధైర్యం వచ్చిందో చెప్పలేను. ఆ రాయి ఎదురుగానే నా కుర్చీ వేయించుకున్నాను.

హిలారా చెల్లెలు,
ఎర్సీలియా

*

ట్యూరిన్,
15 జూన్ 1984

అక్కకి,

ఒక వైపు మాటే విని తీర్పు చెప్పేయడం మన ఊరికి రెండు వేల ఏళ్ళ అలవాటని తెలిసి సంతోషించాను.

నీ ఉత్తరం బార్‌లో చదివి వినిపించాను. ఇప్పుడక్కడ రెండు పార్టీలయ్యాయి. రిటైరైన పోస్ట్‌మాస్టర్ హిలారా పక్షం, ఎందుకంటే ఆయనకీ ఒక తమ్ముడున్నాడు. నేను ఫౌస్టస్ పక్షం. నిన్న పేకాటలో కూడా ఎదురెదురుగానే కూర్చున్నాం.

ఫౌస్టస్ చేసిన తప్పేమిటో ఆ రాతిలో ఉందా? లేదు. ఉంటే రాసేవాళ్ళే కదా. తప్పు రాయకుండా శిక్ష మాత్రం రాయించిందంటే చెప్పుకోదగ్గ తప్పేదీ లేదన్నమాట. ఏదో చిన్న మాట పట్టింపు. అతను ఎక్కడో దూరాన పనికి పోయి ఉంటాడు. పండగలకి సరిగా కబురు పెట్టి ఉండడు. ఆవిడకి కోపం వచ్చింది, చేతిలో రాతిపనివాడున్నాడు, చెక్కించేసింది. మర్నాడు కోపం చల్లారితే ఏం చేస్తుంది? మాటైతే వెనక్కి తీసుకోవచ్చు. రాయిని ఏం చేస్తుంది?

పైగా ఒక్క సంగతి ఎవరూ అడగడం లేదు. ఆ ఫౌస్టస్‌కి ఇంకెక్కడా చోటు లేదేమో.

ఇక్కడ వానలు. మోకాళ్ళు అలాగే ఉన్నాయి. మేనత్త పెట్టె విషయంలో నా ప్రతిపాదన అలాగే ఉంది.

ఒరెస్తే

*

కాస్తెల్ ఫెరానో,
3 సెప్టెంబర్ 1984

ఫౌస్టస్ వకీలు గారికి,

జూలైలో నువ్వు రాసినవీ, ఆగస్టులో రాసినవీ అన్నీ అందాయి. అన్నిటిలోనూ మేనత్త పెట్టే. నేనూ అన్నిటికీ జవాబు రాశాను, అన్నిటిలోనూ కాదు పొమ్మనే. పోస్ట్‌మ్యాన్ ఇప్పుడు నన్ను చూడగానే "ఇవాళ ఎవరు గెలుస్తున్నారు?" అంటున్నాడు.

మ్యూజియానికి జనం వస్తున్నారు. జర్మన్లు వచ్చారు, మోకాళ్ళ దాకా లాగులేసుకుని. వాళ్ళకి నా మాట రాదు, నాకు వాళ్ళ మాట రాదు, అయినా అన్నీ చెప్పాను. లొరెదానా అంటించిన చీటీల్లో ఏముంది, సున్నపురాయి, ఒకటో శతాబ్దం, అంతే. మనిషి ఎలాంటిదో ఉండదు. నేను ముఖం చూసి చెబుతాను. కొప్పు గట్టిగా కట్టుకున్న ఆవిడ పిసినారి. పక్కనున్న భర్త ఆవిడ మాట జవదాటేవాడు కాదు, చెవులు చూడు ఎంత పెద్దవో. అన్నదమ్ములిద్దరి రాయి ఒకటుంది, భుజాలు తగిలీ తగలనట్టు నిలబడ్డారు, పొలం గట్టు తగాదా అయి ఉంటుంది. లొరెదానా ఒకరోజు విని, "ఎర్సీలియా గారూ, వీటికి ఆధారాలేవీ?" అంది. "ఈ ఊళ్ళో పుట్టారు కదమ్మా, ఇంకేం ఆధారం కావాలి?" అన్నాను. ఆలోచించి, సరే కానివ్వండి అంది.

మన బార్ నడిపే నున్‌సియాతీనా ఒక్కతే ఇంకా రాలేదు. "బతికున్నవాళ్ళ గొడవలకే టైం చాలడం లేదు" అంటుంది.

సరే, ఉత్తరాల్లో ఇది తెగేది కాదు. నవంబర్ రెండున సమాధుల పండుగకి రా. అమ్మానాన్నల దగ్గర నువ్వు దీపం పెట్టి ఎన్నేళ్ళయిందో నాకు గుర్తుంది, నీకు గుర్తుందా? పొద్దున బస్సు దిగు, మ్యూజియం చూడు, మధ్యాహ్నం గొర్రెపిల్ల మాంసం వండుతాను, తరవాత ఇద్దరం శ్మశానానికి పోదాం. ముఖాముఖీ తేల్చుకుందాం.

అక్క

*

ట్యూరిన్,
5 నవంబర్ 1984

ఎర్సీలియా తంబూర్రి గారికి,

మీ ఆతిథ్యానికి కృతజ్ఞతలు.

తెల్లవార్లూ రైల్లో కూర్చుని, వానలో బస్సు దిగి, తడిసిన బూట్లతో నేరుగా కబేళాకి వచ్చాను. పెస్కారా నించి పెన్షనర్ల సంఘం వచ్చి ఉంది. మా అక్క వాళ్ళ మధ్య చేతిలో కర్రతో నిలబడి ఉంది. నాలుగేళ్ళ తరవాత తమ్ముణ్ణి చూసి ఏమంది? "టికెట్టు తీసుకున్నారా?" అంది.

సరే, హాస్యం అనుకున్నాను. టికెట్టు తీసుకున్నాను. వెనక నిలబడి వింటున్నాను. హిలారా రాయి దగ్గరికి వచ్చాం. మా అక్క గొంతు పెంచింది. "ఈ మహాతల్లి తమ్ముణ్ణి గోరీ దరిదాపులకి రానివ్వలేదు. ఆ ఫౌస్టస్ ముఖం ఎలా ఉండేదో మనకి తెలియదు గానీ, అదిగో, ఆ కొక్కెం కింద తడిసి నిలబడ్డ పెద్దమనిషిలా ఉండేదని నా అనుమానం" అంది. కర్రతో చూపించింది కూడా. పెన్షనర్లంతా తిరిగి నన్ను చూసి నవ్వారు. ఒకావిడ నన్ను అటూ ఇటూ చూసి, నిజమే, అలాంటి ముఖమే అంది.

నేను బయటికి వచ్చేశాను. శ్మశానానికి వెళ్ళే ముఖం లేకపోయింది. మధ్యాహ్నం బస్సుకి వెళ్ళిపోయాను. దారిలో నున్‌సియాతీనా పలకరిస్తే కూడా నోరు పెగల్లేదు.

నాకు ఊళ్ళో ఒక్క మనిషే మిగిలింది. ఆ మనిషి నన్ను జనానికి చూపించి నవ్వించింది. ఇంతకన్నా రాయడానికేమీ లేదు. అర మీరే ఉంచుకోండి.

ఒ. తంబూర్రి

*

కాస్తెల్ ఫెరానో,
10 నవంబర్ 1984

ఒరేయ్, "మీరు" ఏమిట్రా నీ మొహం!

చిన్నప్పుడు నిన్ను ఏడిపిస్తే కలబడి నా జడ పీకేవాడివి. ఇప్పుడూ అలాగే ఎగిరి పడతావనుకున్నాను. "హిలారాకి నోరు తప్ప ఏమీ లేదు" అని నలుగురి ముందూ తిరగబడతావు, పెన్షనర్లకి మంచి ఆట చూపిస్తాం, తరవాత ఇంటికి పోయి అన్నం తింటాం అనుకున్నాను. ట్యూరిన్ నీళ్ళు తాగి నీ కోపం కూడా మర్యాద నేర్చుకుంది. అది నాకేం తెలుసు?

ఇంకో రెండు నిమిషాలు నిలబడితే ఆ తరవాత నేను ఏం చెబుతానో వినేవాడివి. వచ్చినవాళ్ళందరికీ చెబుతాను. హిలారా భర్త పేరు సగం చెరిగిపోయింది. పరివారం పేర్లు అసలు చెక్కించనే లేదు. నిలువునా చెక్కుచెదరకుండా ఉన్నది ఫౌస్టస్ పేరు ఒక్కటే. రానివ్వనంటూనే వాణ్ణి తన రాతి మీద ఇన్ని వందల ఏళ్ళు పక్కనే పెట్టుకుంది, అక్కల కోపం అంటే అలా ఉంటుంది అంటాను. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకుంటారు. నువ్వు తిట్టు విని, మిగతాది వినకుండా బస్సెక్కావు.

మాంసం పక్కింటి కుక్క తింది. నేను తినలేకపోయాను. భోజనం తరవాత శ్మశానంలో నీకు చూపించవలసింది ఒకటుండేది. ఇప్పుడు చెప్పను. వచ్చి చూడవలసిందే.

జవాబు రాయి. తిట్టు, పరవాలేదు, రాయి.

అక్క

*

ట్యూరిన్,
28 నవంబర్ 1984

ఎర్సీలియాకి,

జవాబు రాయకూడదని నిశ్చయించుకున్నాను. కానీ చచ్చిపోయాక మౌనంగా ఉంటే ఊళ్ళో నిజమేననుకుంటారు.

గురువారం టెలిగ్రామ్ వచ్చింది. "మా పూర్వపు క్లారినెట్ కళాకారుడు ఒరెస్తే తంబూర్రి మరణానికి చింతిస్తూ, ఆయన కుటుంబానికి మా సంతాపం. కాస్తెల్ ఫెరానో బ్యాండు మేళం." ఆ కుటుంబం నేనే కాబట్టి సంతకం పెట్టి నేనే తీసుకున్నాను. తెచ్చినవాడు టోపీ తీసి, "మీకు ఏమవుతారు?" అన్నాడు. దగ్గరివాడే అన్నాను.

మర్నాడు మన చర్చి ఫాదర్ గౌదెన్సియో నించి ఉత్తరం. నా ఆత్మశాంతికి ఒక పూజ చేశారట, ఇంకా ఎన్ని చేయించదలిచారని నా వారసుల్ని అడుగుతున్నారు. కవర్లో గోడల మీద అంటించిన చావు కాగితం కూడా పెట్టారు. నల్ల అంచు, మధ్యలో నా పేరు, "హఠాత్తుగా, కానీ క్రైస్తవ ధైర్యంతో" పోయానట. నా చావు గురించి అంత మంచి మాట నేను బతికుండగా ఎవరూ అనలేదు. నున్‌సియాతీనా బార్‌కి ఫోన్ చేశాను. "నేను ఒరెస్తేని" అనగానే "యేసూ, మరియా!" అని అరిచి పెట్టేసింది. మళ్ళీ చేశాను, మళ్ళీ అరిచింది. మూడోసారి ఫాదర్ చేత మాట్లాడించింది. ఆయన నన్ను ప్రశాంతంగా వెళ్ళిపొమ్మని చెప్పారు.

అక్కా, నేను అడిగింది ఒక అర. ఇవ్వనన్నావు. ఉంచుకోమన్నాను. అంతటితో ఆగకుండా ఊరంతటి చేతా నన్ను చంపించావా? నేను నీకేం అపకారం చేశాను? దూరంగా ఉన్నాను, అంతే కదా.

బతికున్న,
ఒరెస్తే

*

కాస్తెల్ ఫెరానో,
4 డిసెంబర్ 1984

ఒరే తమ్ముడూ,

ముందు నవ్వాను. తరవాత చివరి నాలుగు వాక్యాలు చదివి ఏడ్చాను. ఇప్పుడు ఉన్నదున్నట్టు చెబుతాను.

ఆరో అర మీద పలక బిగించి నీ పేరు చెక్కించాను. "ఒరెస్తే తంబూర్రి, 1913", పక్కన గీత, గీత పక్కన ఖాళీ. సెప్టెంబర్‌లోనే చెసీదియోకి చెప్పాను. హిలారా వాళ్ళు బతికుండగానే చెక్కించుకోలేదూ, మనవాడికీ అలాగే చేద్దాం, సమాధుల పండుగ నాడు అన్నం తిన్నాక తీసుకెళ్ళి చూపిస్తే నోరు తెరుస్తాడు అనుకున్నాను. ఎవరికీ చెప్పవద్దని చెసీదియోకి ఒట్టు పెట్టాను. పుట్టి బుద్ధెరిగాక వాడు నోరు మూసుకున్నది అదొక్కసారే, అదీ నోరు తెరవవలసిన సమయంలో.

నువ్వు బస్సెక్కిపోయావు. నీకు చూపించేదాకా పలక మీద కప్పిన గోనెగుడ్డ రెండు వారాలకి గాలికి ఊడిపోయింది. నున్‌సియాతీనా వాళ్ళాయనకి పువ్వులు పెట్టడానికి పోయి నీ పేరు చూసింది. మన ఊళ్ళో పాలరాతి మీద పేరు పడిందంటే ఆ మనిషి పోయినట్టే కదా. గీత పక్కన ఏడాది లేదేమని ఎవరూ అడగలేదు, చెసీదియో బద్ధకం అనుకున్నారు. పైగా పండుగ నాడు నిన్ను చూసినవాళ్ళంతా సాక్షులు. "ముఖం పాలిపోయింది, పలకరిస్తే పలకలేదు, గొర్రెపిల్ల మాంసం వదిలేసి వెళ్ళాడు, అప్పుడే అనుకున్నాం" అన్నారు. ఎద్దు ఈనిందంటే గాటికి కట్టెయ్యమన్నట్టు, బ్యాండువాళ్ళు కాగితాలు అంటించారు, ఫాదర్ గంట కొట్టించారు.

వీధంతా కాఫీ, పంచదార, చారు గిన్నెలు పట్టుకుని నా ఇంటికి వచ్చారు. నేను వాడు బతికే ఉన్నాడర్రా అని అరిచాను. "పాపం, ఇంకా ఒప్పుకోలేకపోతోంది" అని నన్ను కావలించుకుని ఏడ్చారు. నేను ఎంత అరిస్తే అంత గట్టిగా కావలించుకున్నారు. నీ టెలిఫోను గొంతు వచ్చాక ఇంకా నమ్మారు, దిక్కులేని ఆత్మ తిరుగుతోందని. ఇప్పుడు లొరెదానా కాగితం మీద "పేరు చెక్కబడిన వ్యక్తి సజీవుడు" అని టైపు చేసి పురావస్తు శాఖ ముద్ర వేసి గోడకి అంటించింది. ముద్ర చూసి నమ్మారు.

ఇంక అసలు మాట. ఆ అర నీకే ఇవ్వాలని నేను జూన్‌లోనే అనుకున్నాను. ఫౌస్టస్‌కి ఇంకెక్కడా చోటు లేదేమో అని రాశావు చూడు, ఆ రోజే. అది ఫౌస్టస్ గురించి రాసిన మాట కాదని నాకు తెలియదట్రా? నాకు గేటు పక్కన మట్టిలో చోటు అడిగి పెట్టుకున్నాను. వచ్చేపోయేవాళ్ళు ఆగి ఒక మాట అనేచోటు. రాళ్ళ మధ్య కూర్చుని కూర్చుని నాకు జనం అలవాటైంది. నీది పైవరస. నీకు పువ్వు పెట్టాలంటే నిచ్చెనెక్కాలి. ఎవడెక్కుతాడో చూద్దాం.

మరి జూన్ నించీ ఎందుకు పోట్లాడావంటావు. అర నీదేనని రాస్తే నువ్వేం చేస్తావు? "థాంక్స్ అక్కా" అని ఒక కార్డు, మళ్ళీ క్రిస్మస్‌కి ఇంకో కార్డు. కాదు పొమ్మంటుంటే వారం వారం రాస్తున్నావు. ఇంట్లో ఉత్తరం పడ్డ చప్పుడు నేను విని ఎన్నేళ్ళయిందో నీకు తెలియదు. మేనత్త ఎముకల గురించైనా సరే, నా పేరు మీద ఎవరో ఏదో రాస్తున్నారు. గొడవ తీరిపోతుందని భయపడ్డాను. అందుకని తీరనివ్వలేదు.

తిట్టదలిస్తే తిట్టు. కానీ ఒకటి నేనూ అడుగుతాను. శవమయ్యాక ఈ ఊరు రావడానికి ఏడాదిలో ఇన్ని ఉత్తరాలు రాశావు. బతికుండగా వస్తానని ఒక్కటి రాశావా? గోడలో మూడు మూరల బొక్క కోసం నాతో ఇంత యుద్ధం చేశావు. మేడ మీద నీ గది కిటికీతో సహా ఖాళీగా ఉంది. దాని కోసం నీతో ఎవరూ పోటీ పడలేదు. నువ్వే ఎప్పుడూ అడగలేదు. నేనూ రమ్మనలేదు, రానంటావేమోనని.

రమ్మంటున్నాను.

ఎర్సీలియా

*

ట్యూరిన్,
11 డిసెంబర్ 1984

అక్కా,

నువ్వు ఇంత మోసగత్తెవని క్లేలియా మేనత్త ఎప్పుడూ చెబుతూనే ఉండేది. నేను నమ్మేవాణ్ణి కాదు.

బార్‌లో ఈ ఉత్తరం చదివి వినిపించలేదు. పోస్ట్‌మాస్టర్ తీసుకుని తనే చదువుకుని, మడిచి నా జేబులో పెట్టాడు. ఆ సాయంత్రం పేకాట ఆడకుండా టెలిఫోన్ దగ్గరికి పోయి వాళ్ళ తమ్ముడికి ఫోన్ చేసుకున్నాడు.

గురువారం బస్సుకి వస్తున్నాను. ఒక ట్రంకు పెట్టె, ఒక క్లారినెట్, రెండు మోకాళ్ళు. బ్యాండువాళ్ళు బస్టాండుకి రాకుండా చూడు, వాళ్ళు ఏ పాట వాయిస్తారో నాకు తెలుసు. ముందు శ్మశానానికి పోయి ఆ పలక చూడాలి. చెసీదియో అక్షరాలు వంకరగా చెక్కాడని తేలితే మాత్రం ఊరుకోను.

గది ఖాళీ చేస్తున్నానని ఇంటావిడకి చెప్పాను. "మీకు ఉత్తరాలు వస్తే ఎక్కడికి పంపమంటారు?" అంది. అక్కర్లేదమ్మా అన్నాను. నాకు ఉత్తరాలు రాసే మనిషి లోకంలో ఒక్కతే. ఇక రాయదు. నేను ఆవిడ దగ్గరికే పోతున్నాను.

తమ్ముడు